1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో నర్సులు

1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి (స్పానిష్ ఫ్లూ) 1918 నుండి 1920 వరకు ప్రపంచమంతటా వ్యాపించిన అంటువ్యాధి. దీనివలన సుమారు 5 కోట్లమంది మరణించారని అంచనా. తక్కువగా లెక్కించినవారు 1.7 కోట్లనీ, ఎక్కువగా లెక్కించినవారు 10 కోట్లనీ అంటారు. ఈ వ్యాధిని కలిగించే వైరస్ ఆనాటికి ఎవరికీ తెలియదు. పనిచేసే మందు గానీ, టీకా గానీ లేదు. అందువలన రోగికి దొరికిన చికిత్సలో అధికభాగం నర్సులు చేసిన ఉపచారమే. ఆ నర్సులే కావలసినంతమంది లేకపోవడం ఈ మహమ్మారి చరిత్రలో ఒక ముఖ్యమైన అంశం. ఈ వ్యాసంలో ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నర్సుల గురించి, సంక్షిప్తంగా భారతదేశంలోని పరిస్థితి గురించి వివరించబడింది.

వ్యాధి స్వభావం

పేరులో స్పెయిన్ ఉన్నప్పటికీ వ్యాధి అక్కడ పుట్టినదని ఆధారాలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్పెయిన్ తటస్థంగా ఉండడంతో అక్కడి పత్రికలపై యుద్ధకాలపు ఆంక్షలు లేవు. వ్యాధివార్తలు అక్కడినుండే బయటకు వచ్చాయి. యుద్ధంలో ఉన్న దేశాలు తమ సైన్యంలో ప్రబలిన జ్వరాన్ని గురించి నోరు మెదపలేదు.

1918 వసంతకాలంలో వచ్చిన మొదటి విడత సాధారణ జ్వరంలాగే పోయింది. ఆగస్టు చివరినుండి ప్రారంభమైన రెండవ విడత ప్రాణాంతకమైనది. సాధారణంగా ఫ్లూ జ్వరం పసిపిల్లలకు, వృద్ధులకు ప్రమాదకరం. ఈసారి 20 నుండి 40 సంవత్సరాల మధ్య వయసువారు పెద్దసంఖ్యలో చనిపోయారు. సైనికులదీ ఆ వయసే, వారికి సేవ చేసిన నర్సులదీ ఆ వయసే. చాలామంది ఫ్లూ తరువాత వచ్చిన న్యుమోనియాతో మరణించారు. ఊపిరితిత్తులు నీటితో నిండి, రక్తానికి ప్రాణవాయువు అందక రోగి పెదవులు, చెవులు, తరువాత ముఖమంతా నీలంగా మారేవి. ఈ నీలిరంగు కనిపించిన రోగి బ్రతకడం అరుదని నర్సులు కొద్దిరోజులలోనే గ్రహించారు.

వ్యాధికారకం ఫైఫర్ బాసిల్లస్ అనే బాక్టీరియా అని అప్పట్లో చాలామంది నమ్మారు. దానిపై తయారుచేసిన టీకాలు పనిచేయలేదు. మనుషులకు ఫ్లూ కలిగించే వైరస్‌ను 1933లో గాని గుర్తించలేకపోయారు. న్యుమోనియాను తగ్గించగల పెన్సిలిన్ 1940లలో వాడుకలోకి వచ్చింది.

నర్సుల కొరత

అమెరికా 1917 ఏప్రిల్‌లో యుద్ధంలో ప్రవేశించేనాటికి ఆ దేశపు ఆర్మీ నర్స్ కోర్‌లో విధులలో ఉన్నవారు 403 మంది మాత్రమే. 1918 నవంబరులో యుద్ధం ముగిసేనాటికి ఈ సంఖ్య 21,480కి పెరిగింది. వీరిలో సుమారు 10,000 మంది విదేశాలలో పనిచేశారు. ఈ నియామకాలు ఎక్కువగా అమెరికన్ రెడ్‌క్రాస్ ద్వారా జరిగాయి. రెడ్‌క్రాస్ నర్సింగ్ విభాగానికి అప్పుడు జేన్ డెలానో అధిపతి. అనుభవజ్ఞులైన నర్సులను సైన్యం తీసుకుపోగా, పట్టణాల ఆసుపత్రులు నర్సింగ్ విద్యార్థినులతో నడుస్తున్న సమయంలో మహమ్మారి వచ్చిపడింది.

కొరతకు యుద్ధం ఒక్కటే కారణం కాదు. ఆ కాలంలో అమెరికాలో శిక్షణ పూర్తిచేసిన నర్సులు చాలావరకు ఆసుపత్రి ఉద్యోగులు కారు. వారు సంపన్నుల ఇళ్లలో ఒక్కొక్క రోగివద్ద ఉండి జీతానికి పనిచేసేవారు. ఆసుపత్రులు మూడేళ్ల శిక్షణకు చేరిన విద్యార్థినులచేత దాదాపు పనంతా చేయించుకునేవి. కనుక పట్టభద్రురాలైన నర్సు ఒక ధనికుని మంచం ప్రక్కన ఉండగా, అదే వీధి చివర ఒక గదిలో కుటుంబమంతా జ్వరంతో పడి ఉండడం సంభవించింది. అంత అవసరం లేనివారు తమ ఇంటి నర్సులను వదిలిపెట్టవలసిందిగా రెడ్‌క్రాస్ శాఖలు, నగరాల ఆరోగ్యశాఖలు పత్రికల ద్వారా విజ్ఞప్తి చేశాయి.

మరొక కారణం నర్సింగ్ వృత్తిలోని వివాదం. కొద్దిపాటి శిక్షణ ఇచ్చిన సహాయకులను సైనిక ఆసుపత్రులలో వినియోగించుకోవచ్చునని డెలానో అభిప్రాయం. ఇందువలన అరకొర చదువుతో వచ్చినవారు నర్సులుగా చలామణి అవుతారనీ, ఎన్నో ఏళ్లు శ్రమించి సంపాదించుకున్న వృత్తి గౌరవం పోతుందనీ ఆనీ గుడ్‌రిచ్ తదితరులు వ్యతిరేకించారు. ఆమె సూచన మేరకు 1918లో ఆర్మీ స్కూల్ ఆఫ్ నర్సింగ్ స్థాపించబడింది. గుడ్‌రిచ్ వాదనలో న్యాయం లేకపోలేదు. అయితే ఆ విద్యార్థినుల శిక్షణ పూర్తికావడానికి మూడేళ్లు పడుతుంది, మహమ్మారి కొద్దివారాలలోనే వచ్చింది. చివరకు శిక్షణ ఉన్నవారిని, లేనివారిని అందరినీ పిలవవలసి వచ్చింది. నల్లజాతి నర్సుల విషయంలో మాత్రం అలా జరగలేదు.

నర్సులు చేసిన పని

రోగి మంచం దిగకుండా చూడడం ఉపచారంలో మొదటి నియమం. జ్వరం తగ్గిందనుకుని లేచి తిరిగినవారికి న్యుమోనియా తిరగబెడుతుందని వైద్యులు, నర్సులు గట్టిగా నమ్మారు. నర్సు రోజుకు పలుమార్లు జ్వరం, నాడి, శ్వాస చూసి చీటీలో వ్రాసేది. జ్వరం ఎక్కువైనపుడు తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది. నీరు, పాలు, మాంసరసం చెంచాతో పట్టేది. సన్నిపాతంతో మంచం దిగి పారిపోబోయే రోగులను పట్టి ఆపడం, ముక్కునుండి కారే రక్తాన్ని తుడవడం, పడకపుండ్లు పడకుండా ప్రక్కలు మార్చడం, చెమటతో తడిసిన దుప్పట్లు తీసి పొడివి పరచడం, కఫం పట్టిన కాగితపు డబ్బాలను తగులబెట్టడం కూడా ఆమె పనే.

ఛాతీకి ఆవపిండి పట్టు వేయడం, కర్పూరతైలం ఇవ్వడం వంటివి వైద్యుల ఆజ్ఞపై జరిగేవి. ఆస్పిరిన్ విరివిగా వాడారు. నాటి వైద్యులు సూచించిన మోతాదులు నేడు విషతుల్యమని తెలిసినవే. కొన్ని మరణాలకు ఆస్పిరిన్ కూడా కారణమై ఉండవచ్చునని 2009లో ఒక పరిశోధకురాలు ప్రతిపాదించింది. ఇది అందరూ అంగీకరించిన విషయం కాదు. వైద్యులిచ్చిన మందులకంటే నర్సు పట్టిన నీరే మేలు చేసిందని ఈనాడు వెనుదిరిగి చూసినపుడు అనిపిస్తుంది. జ్వరతీవ్రతతో లేవలేని మనిషికి నీరు ఇచ్చేవారు, ఆహారం పెట్టేవారు, ఒళ్లు వెచ్చగా ఉంచేవారు లేకపోతే వ్యాధి చంపకముందే దాహం, ఆకలి, చలి చంపగలవు. తల్లిదండ్రులిద్దరూ మంచం పట్టిన ఇళ్లలో పిల్లలకు వాటిల్లిన ప్రమాదం ఇదే.

గాలి, వెలుతురు బాగా తగిలేలా చూడడం మరొక పద్ధతి. కిటికీలు తెరిచి ఉంచేవారు. మంచాలను ఎడంగా వేసి మధ్య తెల్లని దుప్పట్లు వ్రేలాడదీసేవారు. బోస్టన్ పొరుగున బ్రూక్‌లైన్‌లోని కోరీ హిల్ కొండపై 1918 సెప్టెంబరులో క్యాంప్ బ్రూక్స్ అనే ఆరుబయటి ఆసుపత్రిని వర్తక నౌకల నావికులకోసం ఏర్పాటుచేశారు. పగటిపూట రోగులను మంచాలతో సహా ఎండలో ఉంచేవారు. నర్సులు ముక్కు, నోటికి పలుచని నూలుగుడ్డను అనేక పొరలుగా మడిచి మాస్కులు కట్టుకున్నారు. వైరస్‌ను ఆపడానికి ఆ గుడ్డ చాలదు. ఇవి తప్ప వారికి వేరే రక్షణ లేదు.

నగరాలలో

సెప్టెంబరు రెండవ వారంలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని క్యాంప్ డెవెన్స్ అనే సైనిక శిబిరంలో వ్యాధి ప్రబలింది. సుమారు 2,000 మందికోసం కట్టిన ఆసుపత్రిలో నెలాఖరుకు 8,000 మంది రోగులున్నారు. వరండాలలో కూడా మంచాలు వేశారు. నర్సులే జబ్బుపడి తాము పనిచేసే వార్డులలోనే రోగులుగా చేరారు. పరిస్థితిని చూడడానికి వచ్చిన విలియం వెల్చ్, విక్టర్ వాన్ వంటి సుప్రసిద్ధ వైద్యులు సైతం ఇది ఏ వ్యాధో తేల్చుకోలేకపోయారు.

ఫిలడెల్ఫియాలో సెప్టెంబరు 28న యుద్ధఋణాల ప్రచారం కోసం పెద్ద ఊరేగింపు జరిపారు. దీనిని చూడడానికి 2 లక్షలమంది వచ్చారు. కొద్దిరోజులలోనే ఆసుపత్రులు నిండిపోయాయి. అక్టోబరు 3న పాఠశాలలు, చర్చిలు, నాటకశాలలు మూసివేశారు. ఈ నగరంలో 12,000 మందికి పైగా మరణించారు. నర్సులు దొరకక పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వైద్యవిద్యార్థులు తరగతులు మాని తాత్కాలిక ఆసుపత్రులలో నర్సుల పని చేశారు. కాథలిక్ మతాధిపతి అనుమతితో 2,000 మందికి పైగా సన్యాసినులు మఠాలు వదిలి ఆసుపత్రులలో, ఇళ్లలో రోగులకు సేవ చేశారు. వీరిలో అధికసంఖ్యాకులు పాఠాలు చెప్పే ఉపాధ్యాయినులు, నర్సింగ్ నేర్చినవారు కారు.

న్యూయార్కు నగరంలో ఇంటింటికీ వెళ్లే నర్సుల వ్యవస్థ అప్పటికే బలంగా ఉన్నది. 1893లో లిలియన్ వాల్డ్ బీదల పేటలో ప్రారంభించిన సంస్థ తరువాత హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్‌గా ప్రసిద్ధి చెందింది. అక్టోబరులో నగరంలోని వివిధ నర్సింగ్ సంస్థలు కలిసి వాల్డ్ అధ్యక్షతన నర్సుల అత్యవసర మండలిని ఏర్పరచుకున్నాయి. ఒకే ఇంటికి ముగ్గురు వెళ్లడం, మరొక వీధికి ఎవరూ వెళ్లకపోవడం వంటి లోపాలను నివారించడానికి పేటలను పంచుకున్నారు. నర్సింగ్ తెలియని స్త్రీలకు వంట చేయడం, దుప్పట్లు సమకూర్చడం, పిల్లలను చూడడం, టెలిఫోను వద్ద కూర్చోవడం వంటి పనులు అప్పగించారు. వీరిని చేర్చుకోవడానికి ధనికులు తిరిగే ఫిఫ్త్ అవెన్యూలో కరపత్రాలు పంచారు. కార్లున్నవారు నర్సులను ఇళ్లకు చేరవేశారు. మామూలుగా చూసే ఇళ్లకు మూడు నాలుగు రెట్లు ఇళ్లను ఒక్కొక్క నర్సు ఒకే రోజులో చూడవలసి వచ్చింది. అయిదారు అంతస్తుల మెట్లు ఎక్కి వెళ్లిన తరువాత తలుపు తీసేవారు కూడా లేని ఇళ్లు తగిలేవి.

వ్యాధి ఉధృతంగా ఉన్నపుడు అమెరికా కాంగ్రెసు 10 లక్షల డాలర్లు మంజూరు చేసింది. డబ్బుకు నర్సులు దొరికే పరిస్థితి అప్పటికే దాటిపోయింది. విమానచోదకురాలిగా తరువాత జగత్ప్రసిద్ధి పొందిన అమీలియా ఇయర్‌హార్ట్ ఈ రోజులలో కెనడాలోని టొరంటోలో ఒక సైనిక ఆసుపత్రిలో నర్సులకు సహాయకురాలిగా పనిచేస్తూ తానూ జబ్బుపడింది. సైనస్ బాధ ఆమెను చాలాకాలం వదలలేదు.

నల్లజాతి నర్సులు

శిక్షణ పొందిన నల్లజాతి నర్సులు అమెరికాలో అప్పటికే చాలామంది ఉన్నారు. 1908లో వారు తమ జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. యుద్ధం మొదలైనప్పటినుండి సంఘ అధ్యక్షురాలు ఏడా థామ్స్ తమవారిని చేర్చుకోవలసిందిగా రెడ్‌క్రాస్‌కు, సైన్యానికి లేఖలు వ్రాస్తూ వచ్చింది. ఆర్మీ నర్స్ కోర్‌లో చేరడానికి రెడ్‌క్రాస్ నమోదు అవసరం. ఆ నమోదుకే వీరిని రానివ్వలేదు. జాతులవారీగా వేర్వేరు వసతి గృహాలు లేకపోవడాన్ని సైన్యం ఒక కారణంగా చూపింది.

1918లో ఫ్రాన్సెస్ రీడ్ ఎలియట్ రెడ్‌క్రాస్‌లో నమోదైన మొదటి నల్లజాతి నర్సు అయింది. ఆమెకిచ్చిన బిళ్లపై సంఖ్య '1-ఏ'. సంఖ్య ప్రక్కనున్న అక్షరం ఆమె జాతిని సూచించడానికి చెక్కినది. ఈ పద్ధతి తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. మహమ్మారి తీవ్రంగా ఉన్న శరత్కాలంలో ఐలీన్ కోల్ అనే నర్సును రెడ్‌క్రాస్ వెస్ట్ వర్జీనియాలోని బొగ్గుగనుల ప్రాంతానికి పంపింది. గని కార్మికుల కుటుంబాలకు ఆమె సేవ చేసింది.

సైన్యం తలుపులు తెరిచింది యుద్ధం ముగిసిన తరువాత, 1918 డిసెంబరులో. మొత్తం 18 మంది నల్లజాతి నర్సులను తీసుకుని 9 మందిని ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్యాంప్ గ్రాంట్‌కు, 9 మందిని ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ షెర్మన్‌కు పంపారు. ఐలీన్ కోల్ కూడా వీరిలో ఒకరు. వారి నివాసం వేరుగా ఉండేది. వార్డులలో మాత్రం తెల్ల సైనికులకు, నల్ల సైనికులకు తేడా లేకుండా సేవ చేశారు. వసతి కారణంగా వారిని తీసుకోలేమని అంతవరకు చెప్పిన వాదన ఎంత బలహీనమైనదో ఆ వార్డులే చూపాయి. 1919 ఆగస్టులో వారందరినీ పంపివేశారు. నర్సులు లేక మంచాలవద్ద రోగులు చనిపోతున్న సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వీరు సైన్యానికి అందుబాటులోనే ఉన్నారన్న సంగతి గమనార్హం.

నర్సుల మరణాలు

యుద్ధకాలంలో 200 మందికి పైగా ఆర్మీ నర్సులు విధులలో మరణించారు. వీరిలో ఎక్కువమందిని బలిగొన్నది శత్రువు కాదు, ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా. నౌకాదళానికి చెందిన మేరీ లూయిస్ హిడెల్, లిలియన్ మర్ఫీ, ఎడ్నా ప్లేస్ అనే ముగ్గురు నర్సులు ఫ్లూ రోగులకు సేవచేస్తూ 1918లో మరణించారు. ముగ్గురికీ మరణానంతరం నేవీ క్రాస్ పతకం లభించింది. నౌకాదళ నర్సుల అధిపతి లీనా హిగ్‌బీకి ఇదే పతకం జీవించి ఉండగా ఇచ్చారు. నేవీ క్రాస్ పొందిన మొదటి మహిళలు ఈ నలుగురే.

రెడ్‌క్రాస్‌కు చెందిన జేన్ డెలానో మహమ్మారిని దాటి బ్రతికింది. ఫ్రాన్సులోని ఆసుపత్రులను పరిశీలించడానికి వెళ్లి చెవి వెనుక ఎముకకు సోకిన వ్యాధితో 1919 ఏప్రిల్ 15న అక్కడి సావనేలో మరణించింది.

భారతదేశంలో

అమెరికాలో మృతులు సుమారు 6,75,000. భారతదేశంలో 1.2 కోట్లనుండి 1.8 కోట్ల వరకు మరణించారని వివిధ అంచనాలు. మరే దేశంలోనూ ఇంతమంది చనిపోలేదు. 1918 జూన్‌లో బొంబాయి రేవులో పనిచేసే పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరడంతో ఈ వ్యాధి ఇక్కడ మొదట కనిపించింది. సెప్టెంబరునుండి రెండవ విడత రైలుమార్గాల వెంట దేశమంతా వ్యాపించింది. ఆ ఏడు వానలు లేక పంటలు పోయి ధరలు మండుతున్నాయి. బొంబాయి రాష్ట్రంలోను, మధ్యపరగణాలలోను మరణాల రేటు హెచ్చుగా ఉండగా మద్రాసు రాష్ట్రంలో దానికంటే తక్కువగా ఉన్నది. 1911, 1921 జనగణనల మధ్య దేశ జనాభా పెరగకపోగా కొద్దిగా తగ్గడానికి ఈ మహమ్మారి ముఖ్యకారణం. జనాభా చరిత్రలో 1921ని 'గొప్ప విభజన సంవత్సరం' అని పాఠ్యపుస్తకాలలో వ్రాయడం దీనివల్లనే.

దేశంలో శిక్షణ పొందిన నర్సులు బహుకొద్దిమంది. 1908లో ఏర్పడిన ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాలో తొలినాళ్లలో యూరోపియన్లే ఎక్కువ. తెలుగు జిల్లాలలో 1898లో గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రి వంటి కొద్ది మిషన్ ఆసుపత్రులు తప్ప పల్లెవాసులకు నర్సు అనే మాటే పరిచయం లేదు. వైద్యులు, వైద్యసిబ్బంది అనేకులు యుద్ధరంగంలో ఉన్నారు. కనుక ఉపచారమంతా ఇళ్లలో స్త్రీలపై పడింది. అనేక దేశాలకు భిన్నంగా భారతదేశంలో పురుషులకంటే స్త్రీలు ఎక్కువగా చనిపోయారు. జబ్బుపడినవారికి నీళ్లివ్వడం, వండిపెట్టడం, తాము జబ్బుపడినా లేచి పనిచేయక తప్పకపోవడం, అసలే చాలీచాలని తిండి ఇందుకు కారణాలని కొందరు చరిత్రకారులు భావించారు. జీతం, బిళ్ల, పతకం లేకపోయినా వారు చేసినది నర్సు పనే.

తరువాతి పరిణామాలు

యుద్ధంలోను, మహమ్మారిలోను పనిచేసిన అమెరికా ఆర్మీ నర్సులకు సైనిక హోదా ఉండేది కాదు. వార్డులోని సిపాయిలకు ఆజ్ఞలిచ్చే అధికారం వారికున్నదో లేదో స్పష్టత లేదు. 1920లో చేసిన చట్టంతో సెకండ్ లెఫ్టినెంట్‌నుండి మేజర్ వరకు సాపేక్ష హోదా లభించింది. జీతం మాత్రం ఆ హోదాలోని పురుషులతో సమానం చేయలేదు. ఏడా థామ్స్ 1929లో నల్లజాతి నర్సుల చరిత్రను గ్రంథంగా ప్రచురించింది. ఆర్మీ నర్స్ కోర్‌లో నల్లజాతి నర్సుల సంఖ్యపై ఉన్న పరిమితిని 1945 జనవరిలో తొలగించారు. వారి జాతీయ సంఘం 1951లో తన పని పూర్తయిందని భావించి రద్దు చేసుకున్నది.

నాన్సీ బ్రిస్టో అనే చరిత్రకారిణి 2012లో వెలువడిన తన గ్రంథంలో ఆనాటి వైద్యుల రచనలను, నర్సుల రచనలను పోల్చి చూసింది. రోగాన్ని నయం చేయడమే తమ పని అనుకున్న వైద్యుల వ్రాతలలో ఓటమి, నిస్సహాయత కనిపిస్తాయి. నర్సుల వ్రాతలలో అలసట, దుఃఖం ఉన్నా చేయవలసినది చేయగలిగామన్న తృప్తి ఎక్కువగా కనిపిస్తుంది.

2020లో కోవిడ్-19 మహమ్మారి వచ్చేనాటికి పరిస్థితులు చాలా మారాయి. వైరస్ కొద్దివారాలలో గుర్తించబడింది. ఆక్సిజన్, వెంటిలేటర్లు ఉన్నాయి, ఏడాదిలోగా టీకా వచ్చింది. అయినా ఊపిరాడని రోగిని బోర్లా పడుకోబెట్టి గంటలతరబడి కనిపెట్టి ఉండడం నర్సుల చేతులమీదుగానే జరిగింది. ఆ సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 2.8 కోట్లమంది నర్సులున్నారు, ఇంకా 59 లక్షలమంది కొరత ఉన్నది. 2020 జనవరినుండి 2021 మే వరకు కోవిడ్‌వలన 80,000 నుండి 1,80,000 మంది వరకు వైద్యసిబ్బంది మరణించి ఉంటారని అదే సంస్థ అంచనా వేసింది.